మాట రాదంటే అర్థం కాదని కాదు

ఒక చిన్న పని చేయండి. వాట్సాప్ తెరిచి మీకు మీరే ఒక మెసేజ్ పెట్టుకోండి: 'నాకు ఆకలిగా లేదు, తల నొప్పిగా ఉంది'. మనందరం చేసే పనే, ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు. కాకపోతే షరతులున్నాయి. ఒక్క వేలే వాడాలి. ఒక అక్షరం కొట్టాక వేలు పైకి తీసి, ఒకటీ రెండూ మూడూ లెక్కపెట్టి, అప్పుడు తర్వాతి అక్షరానికి వెళ్లాలి. ఫోన్ చూపించే పదాలను ముట్టుకోకూడదు.

మొత్తం 30 అక్షరాలు. అంటే నిమిషంన్నర. ఆ టైమ్‌లో మనం మూడు రీల్స్ చూసేస్తాం. ఇప్పుడు ఆ నిమిషంన్నరా పక్కన అమ్మ ప్లేటు పట్టుకుని 'తిను నాన్నా, తిను' అంటోందనుకోండి. మీరు నోటితో 'వద్దు' అనలేరు. రెండో పదం పూర్తయ్యేలోపే ముద్ద నోట్లో పడిపోతుంది.

ఇలా ఒక్కో అక్షరం చూపించి మాట్లాడేవాళ్లు ఉన్నారు. చదువుతున్నారు, కవిత్వం రాస్తున్నారు, దోస్తీలు చేస్తున్నారు, పోట్లాడుకుంటున్నారు. ఈ వారం వాళ్ల గురించే.

నోరు వేరు, బుర్ర వేరు

ఆటిజం ఉన్నవాళ్లలో దాదాపు నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా నోటి మాటతో తమ సంగతి చెప్పుకోలేరని అంచనా. కొందరికి అసలు మాట రాదు. కొందరికి నాలుగైదు పదాలొస్తాయి. కొందరు టీవీ యాడ్‌లో డైలాగ్ గడగడా చెప్పేస్తారు గానీ, దాహమేస్తే 'నీళ్లు' అనలేరు.

ఇలాంటి పిల్లాణ్ని చూడగానే మనవాళ్లు వేసే ముద్ర ఒకటే: 'వాడికేం తెలీదు పాపం'. అక్షరాలతో మాట్లాడటం నేర్చుకున్నవాళ్లు రాసినవి చదివితే అందరూ దాదాపు ఒకే మాట చెప్తారు. తెలుసు, వింటున్నాం, ఒంటినే మాట వినేలా చెయ్యలేకపోతున్నాం అని. చెయ్యి ఎత్తాలనుకుంటే కాళ్లు పరిగెడతాయి. 'అవును' అనాలనుకుంటే ఇంకేదో శబ్దం వస్తుంది. అందుకే వాళ్లలో చాలామంది తమని 'మాటలు లేనివాళ్లు' అనొద్దంటారు. మాటలున్నాయి, నోరు పలకదు, అంతే.

దీనికి మన దేశంలోనే ఒక పెద్ద కథ ఉంది. టిటో రాజర్షి ముఖోపాధ్యాయ్. పెరిగింది మైసూరు, బెంగళూరుల్లో. మాట దాదాపు లేదు. వాళ్లమ్మ సోమా ఊరుకోలేదు. పుస్తకాలు చదివి వినిపించింది, అక్షరాల బోర్డు ముందు కూర్చోబెట్టింది, చేతిలో పెన్సిల్ నిలవకపోతే చేతికి కట్టి మరీ రాయించింది. ఆ పిల్లాడు రాసిన పుస్తకం 2000లో ఇంగ్లండ్‌లో అచ్చయింది. అప్పటికి వాడింకా టీనేజీలోకి సరిగ్గా అడుగు కూడా పెట్టలేదు. 2001లో తల్లీకొడుకులు అమెరికా వెళ్లారు. సోమా పద్ధతికి అక్కడ 'రాపిడ్ ప్రాంప్టింగ్ మెథడ్' అని పేరొచ్చింది. ఇవాళ అమెరికాలో వాడుతున్న అక్షరాల బోర్డు పద్ధతుల్లో చాలావాటి వేళ్లు మైసూరు, బెంగళూరు ఇళ్లలో ఉన్నాయన్నమాట.

బోర్డు ఎలా పనిచేస్తుంది?

చూడటానికి చాలా సింపుల్. ప్లాస్టిక్ అట్ట, దాని మీద అక్షరాల ఆకారంలో కోసిన కంతలు. మొదట్లో 26 అక్షరాలనీ మూడు బోర్డుల మీద పంచుతారు, ఒక్కో అక్షరం పెద్దగా ఉండేలా. పిల్లాడి చేతికి పెన్సిల్ ఇస్తారు. వేళ్లతో చేసే సన్నపని కష్టం కాబట్టి భుజం నుంచి చెయ్యి మొత్తం కదిలించి ఆ కంతలో గుచ్చడం నేర్పుతారు. ముందు ఒక పాఠం చెప్పి, అందులోని పదాలే అడుగుతారు. అది కుదిరాక సొంత జవాబులు. తర్వాత 26 అక్షరాలూ ఒకే బోర్డు మీద. చివరికి కీబోర్డు. అలవాటైనవాళ్లు సెకనుకో అక్షరం చూపిస్తారు. కొత్తవాళ్లకి మూడు సెకన్లు కూడా చాలవు.

ఈ ప్రయాణంలో చివరి మెట్టే అన్నిటికన్నా ముఖ్యం. ఎందుకో చెప్తాను.

అనుమానం తప్పు కాదు

ఈ పద్ధతుల మీద పెద్ద గొడవ ఉంది. అది చెప్పకుండా కళ్లు చెమర్చే కథలు మాత్రమే చెప్తే మీకు సగమే చెప్పినట్టు.

1990ల మొదట్లో అమెరికాలో 'ఫెసిలిటేటెడ్ కమ్యూనికేషన్' అని ఒకటి ఊపందుకుంది. సాయం చేసే మనిషి పిల్లాడి చెయ్యో మోచెయ్యో పట్టుకుంటే, పిల్లాడు టైప్ చేస్తాడు. తర్వాత పరీక్ష పెట్టారు. పిల్లాడికి ఒక బొమ్మ, సాయం చేసే మనిషికి వేరే బొమ్మ చూపించి, ఏం చూశావని అడిగారు. టైపయిన జవాబు మళ్లీ మళ్లీ సాయం చేసే మనిషి చూసిన బొమ్మే! వాళ్లేమీ మోసగాళ్లు కాదు. తామే చెయ్యి నడిపిస్తున్నామని వాళ్లకే తెలీదు. కానీ ఆలోపే, అలా టైపయిన ఆరోపణల వల్ల కుటుంబాలు కోర్టుల పాలయ్యాయి.

బోర్డు పద్ధతిలో చెయ్యి పట్టుకోరు. కానీ బోర్డును ఎవరో ఒకరు గాల్లో పట్టుకుంటారు. అది కొంచెం కదిలినా, పట్టుకున్న మనిషి మొహం కొంచెం మారినా, అక్షరం మారొచ్చు కదా? అందుకే అమెరికాలో స్పీచ్ థెరపిస్టుల జాతీయ సంఘం 2018లో సోమా పద్ధతిని కూడా సిఫార్సు చేయబోమని చెప్పేసింది.

రెండో వైపు కూడా వినండి. వర్జీనియా విశ్వవిద్యాలయంలో విక్రమ్ జస్వాల్ అనే సైకాలజీ ప్రొఫెసర్ 2020లో తొమ్మిది మందికి కంటిచూపును కొలిచే పరికరం తొడిగి బోర్డు ముందు కూర్చోబెట్టారు. వేలు చేరకముందే చూపు సరైన అక్షరం మీదకి వెళ్తోంది. 2024లో ఆయన బృందం మాటరాని 31 మందికి టాబ్లెట్ ఇచ్చి, అప్పుడే విన్న వాక్యంలోని అక్షరాలు వరుసగా వెలుగుతుంటే తాకమంది. అర్థంలేని గుర్తులకన్నా అక్షరాలను వాళ్లు వేగంగా తాకారు. అంటే తర్వాత ఏ అక్షరం వస్తుందో ముందే తెలుసన్నమాట! స్పెల్లింగ్ వచ్చు, ఎవరికీ తెలీదు. ఆ మొదటి అధ్యయనంలో బోర్డు పట్టుకున్నది ఇంకొకరే కదా అని విమర్శకులు ఇప్పటికీ అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే.

స్టీఫెన్ హాకింగ్ కంప్యూటర్ గొంతుతో మాట్లాడితే ఆ మాట ఎవరిదని ఎవరూ అడగలేదు. ఎందుకంటే చెంప కండరం ఆయనది, మధ్యలో ఇంకో చెయ్యి లేదు. చివరి మెట్టు ముఖ్యం అన్నది ఇందుకే. బోర్డు బల్ల మీదకి, వేలు పిల్లాడిది మాత్రమే అయిన చోటుకి చేరడమే లక్ష్యం కావాలి. అక్కడికి చేరినవాళ్లున్నారు. అమెరికాలో జోర్డిన్ జిమ్మర్‌మన్ అనే అమ్మాయి చేతికి 18 ఏళ్ల వయసులో ఐప్యాడ్ వచ్చింది. ఇవాళ ఆమె దానిమీద తనే టైప్ చేస్తూ మాటరానివాళ్ల హక్కుల కోసం పనిచేస్తోంది.

మా పిన్ని అడిగిన ప్రశ్న

ఇదంతా నాకు దూరపు సంగతి కాదు. ఖమ్మంలో మా పిన్ని కొడుక్కి పదిహేడేళ్లు. మాట రాదు. పెళ్లిళ్లలో వాడి ముందే 'పెద్దాళ్లు పోయాక వీణ్ని ఎవరు చూస్తారే' అని చుట్టాలు మాట్లాడుకుంటారు, వాడు కుర్చీ అన్నట్టు. పోయినేడాది వాడు చెంప మీద కొట్టుకోవడం మొదలుపెట్టాడు. వాడు వెళ్లే స్కూల్లో 'మొండితనం' అన్నారు. మందు మార్చమన్నారు. మూడు వారాల తర్వాత తేలిందేంటంటే, దవడ పన్ను పుచ్చిపోయింది. మూడు వారాలు! 'పన్ను' అంటే రెండే అక్షరాలు కదా అనిపించి నాకు నిద్ర పట్టలేదు.

మొన్న పిన్ని ఫోన్ చేసింది. ఎవరో ఆన్‌లైన్లో బోర్డు నేర్పుతారట, ఫీజు గట్టిగానే ఉందట. "నువ్వు ఇవన్నీ చదువుతుంటావు కదమ్మా, ఇది నిజమేనా? చేర్పించనా వద్దా?" అని అడిగింది. వెంటనే చెప్పలేకపోయాను. రెండు రోజులు చదివి, ఇలా చెప్పాను.

"పిన్నీ, మొదటిది పైసా ఖర్చు లేనిది. వాడికి అంతా అర్థమవుతుందనే అనుకుని మాట్లాడు. అది నిజం కాకపోయినా పోయేదేం లేదు. నిజమై, మనం అలా మాట్లాడకపోతే మాత్రం పోయేది వాడి జీవితం. రెండోది, బొమ్మల కార్డులు, మాట్లాడే యాప్ ఏవీ మానొద్దు. ఒక్క బోర్డునే నమ్ముకోకు. మూడోది, ఎవరు నేర్పినా ఒక ప్రశ్న అడుగు: బోర్డు బల్ల మీదకి ఎప్పుడొస్తుంది? జవాబు లేకపోతే డబ్బులు కట్టకు. నాలుగోది, వాడు ఏదైనా చెప్తే, అది నీకు ముందే తెలిసిన సంగతా కాదా చూసుకో. తాతయ్య వాళ్లింట్లో ఏం తిన్నాడో నీకు తెలీనప్పుడు అడుగు."

పిన్ని ఇంకా చేర్పించలేదు. ఫ్రిజ్ మీద మాత్రం నాలుగు కార్డులు అంటించింది: అవును, వద్దు, నొప్పి, ఆగు. రెండు నెలలు వాడు వాటి వైపే చూడలేదు. ఓ ఆదివారం ఇంటికొచ్చిన చుట్టం వాడి గురించి ఏదో అంటుంటే, లేచి వెళ్లి 'ఆగు' మీద అరచెయ్యి వేశాడట. ఎవరూ చూపించలేదు, ఎవరూ పట్టుకోలేదు. పిన్ని అది చెప్తూ ఏడ్చిందా నవ్విందా నాకు అర్థం కాలేదు.

ఒక్కరు కాదు, గుంపు

నన్ను ఎక్కువగా పట్టుకున్నది మాత్రం ఇంకో విషయం. మాట్లాడటం మొదలుపెట్టాక వీళ్లు వెతుక్కునేది డాక్టర్లని కాదు, ఒకరినొకరిని.

'ద రీజన్ ఐ జంప్' అనే డాక్యుమెంటరీ 2020లో వచ్చింది. జపాన్ కుర్రాడు నవోకి హిగాషిదా 2007లో రాసిన పుస్తకం దానికి ఆధారం. అందులో వర్జీనియాకి చెందిన బెన్, ఎమ్మా కనిపిస్తారు. చిన్నప్పటి నుంచీ స్నేహితులు. ఏళ్ల తరబడి ఒక్క మాటా అనుకోకుండానే స్నేహం. బోర్డులు వచ్చాక చూస్తే, ఆ స్నేహం పెద్దవాళ్లు ఊహించినదానికన్నా ఎంతో లోతుగా ఉంది. మన దేశం నుంచి అమ్రిత్ ఖురానా అనే చిత్రకారిణి కూడా ఉంది అందులో. ఆమె భాష బొమ్మలు.

అమెరికాలో మిల్క్‌వీడ్ అనే ప్రచురణ సంస్థ ఇలాంటి కవుల కోసం 'మల్టీవర్స్' అని ప్రత్యేకంగా పుస్తకాలు వేస్తోంది. హానా ఎమర్సన్, ఆడమ్ వుల్ఫాండ్ ఇద్దరి కవిత్వమూ 2022లో అలా వచ్చినవే. అదే ఏడాది మే నెలలో ఫ్లోరిడాలోని రోలిన్స్ కాలేజీలో ఎలిజబెత్ బాంకర్ స్నాతకోత్సవ ప్రసంగం చేసింది, ముందే టైప్ చేసి పెట్టుకుని, కంప్యూటర్ గొంతుతో. ఆమెతో సమానంగా మార్కులొచ్చిన నలుగురు తోటి టాపర్లు 'మా అందరి తరఫునా నువ్వే మాట్లాడు' అన్నారట. నాకు ఆమె ప్రసంగం ఎంత నచ్చిందో ఆ నలుగురూ అంత నచ్చారు. మనవాళ్లలో హరి శ్రీనివాసన్ ఉన్నాడు. మాట బాగా తక్కువ, టైప్ చేసి చెప్తాడు. బర్క్‌లీలో డిగ్రీ చేసి, వాండర్‌బిల్ట్‌లో న్యూరోసైన్స్ పీహెచ్‌డీకి చేరాడు.

అక్షరాలతో మాట్లాడేవాళ్లు వీడియో కాల్స్‌లో కలుస్తుంటారు. ఒకళ్లు టైప్ చేస్తుంటే మిగతావాళ్లు ఊగుతారు, లేచి నడుస్తారు, శబ్దాలు చేస్తారు. కెమెరా వైపు చూడమని ఎవరూ అనరు. జవాబుకి ఐదు నిమిషాలు పడితే ఐదు నిమిషాలు ఆగుతారు. 'టైపింగ్...' అని రెండు సెకన్లు కనిపిస్తేనే చిరాకుపడే మనకి అక్కడ నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

మన తెలుగు సంగతేంటి?

నేను చూసిన బోర్డులన్నీ ఇంగ్లిష్‌వే. 26 అక్షరాలతో పని అయిపోతుంది. మనకి 56 అక్షరాలు, ఆపై గుణింతాలు, వత్తులు. 'స్త్రీ' అనే ఒక్క అక్షరానికి స, త వత్తు, ర వత్తు, గుడిదీర్ఘం... నాలుగు సార్లు చెయ్యి ఎత్తాలి. మరి ఇంట్లో తెలుగే విని పెరిగిన పిల్లాడు ఇంగ్లిష్ స్పెల్లింగులు నేర్చుకునేదాకా మౌనంగా ఉండాలా? మనం చాటింగ్‌లో వాడే తెలుగుంది చూశారూ, ఇంగ్లిష్ అక్షరాల తెలుగు, మాస్టార్లు తిట్టే తెలుగు... అది ఇక్కడ పనికొస్తుందేమో! ఫాంట్లు, యాప్‌లు చేసే బుర్రలు మీలో ఉంటే ఇది మంచి పని. చెన్నైలో పుట్టిన 'ఆవాజ్' లాంటి యాప్ ఒక ఉదాహరణ. బొమ్మ నొక్కితే ఫోన్ మాట్లాడుతుంది.

చట్టం మనవైపే ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. అదే చట్టం 'సంభాషణ' అంటే నోటి మాట ఒక్కటే కాదని, ప్రత్యామ్నాయ పద్ధతులు కూడా అని రాసిపెట్టింది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలీని కుటుంబాలు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీలో అడగొచ్చు.

మిగిలింది మనం. మీ అపార్ట్‌మెంట్‌లోనో, మీ చుట్టాల్లోనో ఇలాంటి తమ్ముడో చెల్లెలో ఉండే ఉంటారు. ఈసారి కనిపిస్తే వాళ్లమ్మని 'వీడేం తింటాడాంటీ' అని అడక్కండి. వాడినే అడగండి, పేరు పెట్టి పిలిచి. అడిగాక ఆగండి. వాడు మీ వైపు చూడకపోవచ్చు, అటు తిరిగి గెంతొచ్చు. అయినా ఇంకాస్త ఆగండి.