క్రొత్త కంప్యూటరులో పాత ఆపరేటింగ్ సిస్టము

క్రొత్త యొక వింత, పాత యొక రోత యని మనవారి సామెత. తెలుగు అచ్చుకూర్పు జరుగు డి.టి.పి. కేంద్రములు కొన్నింట నీ సామెత తలక్రిందులై యున్నది. అచ్చట పాత యంత్రము చెడినచో క్రొత్త కంప్యూటరును కొని తెత్తురు. కాని దానియందు 2001వ సంవత్సరమున వెలువడిన విండోస్ ఎక్స్‌పినే యెక్కింప యత్నింతురు. ఇది లోభమా, అజ్ఞానమా యని నవ్వుటకు ముందు కారణము విచారింపవలెను. మన పాఠశాల వార్షిక సంచికలును ఇట్టి కేంద్రములలోనే కూర్పబడినవి గదా.

కారణము అక్షరములలో నున్నది. యూనికోడు పద్ధతిలో ప్రతి తెలుగు అక్షరమునకును ప్రత్యేక సంఖ్య గలదు. 1991లో వచ్చిన దాని మొదటి కూర్పునందే తెలుగునకు చోటు దొరకెను. అయినను అచ్చు పనివారు పేజ్‌మేకరునకును, ‘అను’ ఫాంటులకును అలవాటుపడిరి. ఈ ఫాంటులలో తెలుగు అక్షరముల తునుకలు ఇంగ్లీషు అక్షరముల స్థానములలో కూర్చుండును. ఫాంటు లేనిచోట తెలుగు పుట యర్థములేని గుర్తుల వరుసయై కనబడును. పేజ్‌మేకరు కడపటి కూర్పు 2001లో వచ్చినది. క్రొత్త సిస్టములలో నది యొకప్పుడు నడచును, ఒకప్పుడు మొరాయించును. కావున పాత ఫైళ్లకొరకు పాత ప్రోగ్రామును, దానికొరకు పాత సిస్టమును నిలుపుకొనుచున్నారు.

అయితే క్రొత్త యంత్రము దానిని సులభముగా నంగీకరింపదు. ఆపరేటింగ్ సిస్టము మనకును యంత్రమునకును నడుమ దుబాసి వంటిది. యంత్రములోని ప్రతి భాగముతో మాటలాడుటకు దానికి డ్రైవరు అను చిన్న ప్రోగ్రాము కావలెను. యు.ఎస్.బి. 3.0 పద్ధతి 2008లో నిర్ణయింపబడినది. అంతకు ఏడేండ్లు ముందు పుట్టిన ఎక్స్‌పికి ఆ భాష తెలియదు. నేటి భాగములకు ఎక్స్‌పి డ్రైవరులను వ్రాయువారును అరుదు. ఎట్లో యెక్కించినను, సాధారణముగా వాడబడు 32 బిట్ ఎక్స్‌పి 4 జీబీలకు మించి ర్యామును వాడుకొనజాలదు. 16 జీబీల యంత్రమును కొని అందు నడపుట, పదునారు గదుల యిల్లు కట్టి నాలుగు గదులలో కాపురముండుటయే.

అంతకంటె పెద్ద భయము వేరొకటి గలదు. 2014వ సంవత్సరము ఏప్రిల్ 8వ తేదీతో ఎక్స్‌పికి క్రమముగా దిద్దుబాట్లు వచ్చుట నిలిచిపోయెను. 2017 మే నెలలో వానాక్రై యను దుష్ట ప్రోగ్రాము దాదాపు 150 దేశములలో వ్యాపించి, బ్రిటనులోని ఆసుపత్రులను, మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖవారి కంప్యూటరులు కొన్నింటిని స్తంభింపజేసెను. న్యాయముగా నొక మాట చెప్పవలెను: అప్పుడు చిక్కినవానిలో హెచ్చుభాగము ఎక్స్‌పి కాదు, విండోస్ 7. దాని దిద్దుబాటు మార్చి నెలలోనే వెలువడినను వేసికొననివారే నష్టపడిరి. కనుక దోషము వయస్సునందు లేదు, దిద్దుబాటు లేకుండుటయందున్నది. ఇంటర్‌నెట్‌కు తగిలించిన ఎక్స్‌పి గడియలేని తలుపు.

పాతదానిని పారవేయుమనుట మా యభిప్రాయము కాదు. పనివాని వ్రేళ్లకు ఇరువదియేండ్లుగా పట్టుబడిన విద్యను ఒక్కదినమున విడువుమనుట ధర్మమును కాదు. క్రొత్త కంప్యూటరున క్రొత్త సిస్టమునే యుంచి, వర్చువల్ మెషీను అను కల్పిత యంత్రములో పాతదానిని నడపవచ్చును. దానికి ఇంటర్‌నెట్ మార్గమును మూసివేయవలెను. ఇందుకు పనికివచ్చు వర్చువల్‌బాక్స్ ఉచితముగా దొరకును. ఎక్స్‌పి ప్రతి మాత్రము న్యాయముగా కొన్నదై యుండవలెను.

ఇదియైనను వంతెనయే గాని యిల్లు కాదు. పాత సంచికలలోని తెలుగును యూనికోడులోనికి మార్చనిదే మన చెర వదలదు. మార్చు ప్రోగ్రాములు గలవు. కాని వత్తులయందును, గుణింతములయందును అవి తప్పులు చేయును. సరిచూచుటకు తెలుగు వచ్చిన కన్నులు కావలెను. అట్టి కన్నులు మన పాఠశాలలో కొదువలేదు. పై తరగతుల విద్యార్థులు, ఉపాధ్యాయుల పర్యవేక్షణలో, తరగతికొక సంచిక చొప్పున పంచుకొని సరిచూతురుగాక. తలిదండ్రులలో పలువురు ఈ పాఠశాలలోనే చదివినవారు. బాల్యమున తాము వ్రాసిన వ్యాసములను తమ బిడ్డలు ఏ కంప్యూటరులోనైనను తెరచి చదువగలుగుదురు.