నోరులేని సాక్షి, డబ్బులేని ముద్దాయి

కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికి పోయి ఏడుస్తాడని మనవాళ్లు ఒక సామెత కట్టారు. గట్టు తగాదాలకూ దాయాదుల పంపకాలకూ అది చక్కగా అతుకుతుంది. మా తిరువూరు కోర్టుకు వచ్చిపోయే రైతులలో దానిని కాదనేవాడు ఉండడు. కాని ఖూనీ కేసులో శిక్షపడి జైల్లో ఉన్నవాడి సంగతి వేరు. ఏడవటానికైనా వాడు ఇంటికి పోలేడు. మిగిలిన దారల్లా ఒక్కటే - పై కోర్టుకు అప్పీలు. ఆ అప్పీలుకు డబ్బు ఎవరు పెట్టుకోవాలి? వాడు పెట్టుకోలేకపోతే సర్కారు పెట్టాలా? పెడితే ఎందాకా పెట్టాలి?

మన వైపు వాళ్లకు ఇది పుస్తకాల్లో ప్రశ్న కాదు. 2007 డిసెంబరు 27న, విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో, ఫార్మసీ చదువుకుంటున్న ఒక అమ్మాయిని హాస్టల్లో దారుణంగా చంపారు. ఆడపిల్లలను హాస్టళ్లలో ఉంచి చదివిస్తున్న తల్లిదండ్రులందరికీ ఆ వార్తతో నిద్రపట్టలేదు. 2008 ఆగస్టులో పోలీసులు నందిగామ ప్రాంతపు దళిత యువకుడు, కూలిపని చేసుకునే సత్యం బాబును అరెస్టు చేశారు. 2010 సెప్టెంబరులో విజయవాడ మహిళా కోర్టు అతనికి శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతను నిర్దోషి అన్నది. లక్ష రూపాయలు ఇమ్మని గూడా చెప్పింది. అప్పటికి అతను జైల్లో గడిపింది ఎనిమిదేళ్లకు పైమాటే. అందులో ఆరున్నరేళ్లు అప్పీలు తేలటానికి పట్టిన కాలం.

ప్రాసిక్యూషను చూపిన ఆధారాలలో డీఎన్‌ఏ నివేదిక గూడా ఉన్నది. మిగతా వాటితోపాటు అదీ హైకోర్టు ముందు నిలవలేదు. అంతకన్న విచారకరమైన సంగతి తరువాత బయటపడింది. 2018లో దర్యాప్తు మళ్లీ మొదలుపెట్టబోతే, కేసు తాలూకు వస్తువులు విజయవాడ కోర్టులో అప్పటికే ధ్వంసమైపోయి ఉన్నాయి. అప్పీలు తేలకముందే వాటిని తీసి పారేశారన్నమాట! ఆ ఏడు నవంబరులో హైకోర్టు హత్య కేసునూ, ఈ ధ్వంసం సంగతినీ రెండింటినీ సీబీఐకి అప్పగించింది.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి గనుక ఇక్కడ ఒక మాట మనవి చేస్తాను. ‘సాక్షి’ అనే పదంలో ఉన్నది ‘అక్షి’, అంటే కన్ను. కళ్లారా చూసినవాడే సాక్షి. అటువంటివాడు బోనెక్కితే ప్లీడరు ఎదురు ప్రశ్నలు వేస్తాడు. ఎంత దూరంనుంచి చూశావు? చీకట్లో ఎట్లా పోల్చావు? నీకూ వాడికీ పాత కక్షలేమైనా ఉన్నాయా? పదో తరగతి తప్పిన ముద్దాయి అయినా తన ప్లీడరు చెవిలో ఒక ప్రశ్న ఊదగలడు.

లాబొరేటరీ నివేదిక అట్లాంటి సాక్షి కాదు. దానికి నోరు లేదు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడులో 293వ సెక్షను అని ఒకటుండేది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో అదే 329వ సెక్షను. ప్రభుత్వ శాస్త్ర నిపుణుడు కోర్టుకు రాకపోయినా అతని నివేదికను సాక్ష్యంగా తీసుకోవచ్చునని దాని సారాంశం. కోర్టు కావాలనుకుంటే అతన్ని పిలిపించవచ్చు. పిలిపించి ఏమడగాలి? అది అడగటానికి లా చదివితే చాలదు. ఆ శాస్త్రం తెలిసిన ఇంకొక మనిషి పక్కన ఉండాలి. ఆ మనిషికి ఫీజు ఇవ్వాలి. కూలివాడి దగ్గర ఆ ఫీజు ఎక్కడిది?

డీఎన్‌ఏ పరీక్ష మంచిది కాదని నా అభిప్రాయం కాదు. ఆ విద్యను మన దేశంలో పాదుకొల్పిన లాల్జీ సింగ్ పనిచేసింది మన హైదరాబాదు సీసీఎంబీలోనే. చిక్కు ఎక్కువగా వచ్చేది నమూనా ప్రయాణంలో. ఢిల్లీలో 2012 నాటి ఒక హత్య కేసులో ముగ్గురికి ఉరిశిక్ష పడింది. ఫిబ్రవరి 14, 16 తేదీలలో తీసిన నమూనాలు 27వ తేదీన గాని లాబొరేటరీకి పోలేదు. అంతవరకూ పోలీసు మాల్ఖానాలోనే ఉన్నాయి. పరీక్షను సరైన పద్ధతిలో చేశారా అన్నది కింది కోర్టూ హైకోర్టూ పరిశీలించనే లేదని 2022 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పి, ముగ్గురినీ విడుదల చేసింది. 2025 జూలైలో తమిళనాడు కేసు ఒకదానిలో ఉరిశిక్ష పడినవాణ్ణి విడుదల చేస్తూ, నమూనాలు 48 గంటలలోగా లాబొరేటరీకి చేరాలనీ, అవి ఎవరి చేతినుంచి ఎవరి చేతికి పోయాయో రిజిస్టరులో ఎక్కించాలనీ దేశమంతటికీ నియమాలు పెట్టింది. మంచిదే. అయితే ఆ రిజిస్టరు తిప్పి చూసి, ఇదిగో ఇక్కడ లొసుగున్నదని చెప్పేవాడు గూడా ఉండాలి గదా!

సర్కారు ఖర్చుతో ప్లీడరును ఇవ్వాలన్న ధర్మం మనకు కొత్తది కాదు. రాజ్యాంగంలో 39ఎ అధికరణం 1976 నాటి సవరణతో వచ్చింది. 1978లో సుప్రీంకోర్టు, హొస్కోట్ అనే ఒక యూనివర్సిటీ రీడరు కేసులో, ఖైదీకి తీర్పు కాపీ ఉచితంగా ఇవ్వాలనీ, స్తోమత లేనివాడి అప్పీలుకు ప్లీడరును సర్కారే ఏర్పాటు చేయాలనీ చెప్పింది. దొంగ డిగ్రీ కాగితాల కేసు అది. ఆయన అప్పీలు కొట్టేశారు. కాని ఆయన ఓడిన కేసు ఎందరో బీదవాళ్లకు దారి అయింది. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం, జైల్లో ఉన్నవాడికి ఆదాయం ఎంతన్న ప్రశ్న లేకుండా ఈ సాయం అందాలి.

ప్లీడరు దాకా వచ్చాము. ఇంకొక మూడడుగులు వేయాలి. తీర్పు కాపీతోపాటు లాబొరేటరీ ఫైలు మొత్తం, చివరి రెండు పేజీలు మాత్రమే కాకుండా, ముద్దాయి ప్లీడరుకు ఉచితంగా ఇవ్వాలి. దానిని చదివి చెప్పే స్వతంత్ర నిపుణుడి ఫీజు న్యాయసేవల నిధినుంచే రావాలి. ఆఖరి అప్పీలు తేలేవరకూ కేసు వస్తువులలో ఒక్క గుడ్డపీలిక గూడా ధ్వంసం కాకూడదు. ఏడేళ్లూ అంతకు మించీ శిక్షపడే నేరాలన్నిటిలోనూ నిపుణులు వెళ్లి ఆధారాలు సేకరించాలని కొత్త సంహిత అంటున్నది. అమలు చేసుకోవటానికి రాష్ట్రాలకు ఐదేళ్ల గడువిచ్చింది. నిందమోపే పక్షానికి లాబొరేటరీ కట్టించే ఖజానా, జవాబు చెప్పుకునే పక్షానికి ఒక నిపుణుణ్ణి ఇవ్వలేదా?

‘ఆడపిల్లను పొట్టన పెట్టుకున్నవాడికి మన పన్నుల డబ్బుతో ప్లీడరొకడా, పైగా నిపుణుడు గూడానా!’ అని చాలా ఇళ్లలో అంటారు. ఆ కోపం న్యాయమైనదే. కాని ఒక్క సంగతి ఆలోచించండి. అమెరికాలో మేరీలాండు రాష్ట్రంలో తొమ్మిదేళ్ల పసిపిల్లను చంపాడని 1985లో కిర్క్ బ్లడ్స్‌వర్త్‌కు మరణశిక్ష వేశారు. 1993లో డీఎన్‌ఏ పరీక్ష అతను కాదని తేల్చింది. 2003లో అదే పరీక్ష అసలు హంతకుణ్ణి పట్టించింది. ఆ హంతకుడు అంతకుముందు బ్లడ్స్‌వర్త్ ఉన్న జైల్లోనే మరొక నేరానికి శిక్ష అనుభవించాడు! శిక్షపడిన తరువాత ఇటువంటి పరీక్షలు జరిపించటానికి 2004లో అమెరికా ప్రభుత్వం చట్టం చేసి, అతని పేరుతోనే నిధి ఏర్పరచింది. ఆ నిధి ఖైదీలకు మాత్రమే పనికొచ్చేదని ఎవరనగలరు? ఆ పసిపిల్ల తల్లిదండ్రులకు నిజం తెలిసింది గూడా ఆ పరీక్ష వల్లనే గదా.

ఇబ్రహీంపట్నం కేసులో గూడా, చంపింది సత్యం బాబు కాదని ఎలుగెత్తి చెప్పినవారిలో ఆ అమ్మాయి కన్నతల్లి ఉన్నది. కూతురిని పోగొట్టుకున్న తల్లి, జైల్లో ఉన్నవాడి పక్షాన మాట్లాడింది. ఆవిడకు కావలసింది ఎవరో ఒకరికి శిక్షపడటం కాదు. తన బిడ్డను చంపిందెవరో తెలియటం. 2010లోనే ఆ డీఎన్‌ఏ కాగితాన్ని గట్టిగా ప్రశ్నించే నిపుణుడు ఒకడు సర్కారు ఖర్చుతో కోర్టులో ఉండి ఉంటే, ఒక కూలివాడి యౌవనం జైలుపాలు కాకపోను. పోలీసులు అసలు మనిషికోసం ఆ ఏడే మళ్లీ బయలుదేరి ఉందురు. ఆ తల్లి ప్రశ్న పదేళ్లు వెనక్కి పోకుండా ఉండేది. అటువంటి ఖర్చును దండగ అనటానికి నాకు నోరు రాదు.