అబద్ధమాడు ముల్లు

తోడు లేని బాటసారి నలుగురిని అడిగి యెట్లో ఊరు చేరును. తప్పుత్రోవ చూపు తోడును నమ్మినవాడు చేరడు. కొలత లేకపోవుట కొఱతయే గాని, తప్పుడు కొలత యుండుట యంతకంటె గొప్ప కీడు. ఈ మాట పలుమాఱు వినియున్నను, మాకు బోధపడినది మాత్రము ఒక పాత జీపు వలన.

కొన్ని సంవత్సరముల క్రిందట నొక రాత్రి, జ్వరముతో నున్న యొక బాలుని కురిచేడు వైపు పల్లెనుండి దర్శికి వైద్యము కొఱకు తీసికొని వచ్చుచుంటిమి. పెట్రోలు తెలుపు ముల్లు సగము చూపుచుండెను. సగమున్నది గదా యని నిశ్చింతగా నుంటిమి. ఊరింక దూరముండగనే బండి రెండు మూడు మాఱులు కుదిపి నిలిచిపోయెను. ముల్లు మాత్రము కదలక సగముననే యుండెను. బిడ్డను ఒడిలో పెట్టుకొనిన తల్లి, "ఇంకెంతసేపు సారూ?" యని యడిగినప్పుడు మాయొద్ద నుత్తరము లేకపోయెను. వెనుక వచ్చిన యొక ట్రాక్టరు రైతు దయతో నెక్కించుకొనెను. దేవుని కృపచేత బాలుడు కోలుకొనెను.

మఱునాడు విచారింపగా, ఆ బండిని నిత్యము తోలు డ్రైవరు, "ఆ ముల్లు రెండేండ్ల నుంచి సగంలోనే ఉందండీ. నేను తిరిగిన దూరం లెక్క చూసుకొని పోయిస్తాను" అని చెప్పెను. ఆ రాత్రి అతడు సెలవులో నుండుటచే మఱియొకడు తోలెను. తప్పు తెలిసినవాడు దానికి అలవాటుపడెను. తెలియనివాడు దానిని నమ్మెను. ఈ యిద్దఱి నడుమ ఆ తల్లి చీకటిలో రోడ్డుప్రక్కను కూర్చుండవలసి వచ్చెను. చెడిన వస్తువుకంటె, చెడినదని తెలిసియు ఎవ్వరికిని చెప్పక సర్దుకొనిపోవు బుద్ధియే యెక్కువ హానికరమని మా యభిప్రాయము. సర్దుకొనుటను మనము సుగుణముగా నెంచుదుము. తిండియందును గుడ్డయందును అది సుగుణమే. కొలతలయందు మాత్రము కాదు.

తరువాత జరిగిన పనియు మనకు పాఠమే. బండిని చూచిన మెకానిక్కు ముల్లున్న మీటరును తీసివైచి క్రొత్తది బిగించెను. సొమ్ము వ్యయమయ్యెను, క్రొత్త ముల్లును సగముననే నిలిచెను! రోగమొకటి, మందొకటి. పాపము, మొదటి ముల్లు తానుగా నబద్ధమాడలేదు. తనకు చెప్పబడిన యబద్ధమునే మనకు తిరిగి చెప్పినది. అబద్ధము పుట్టిన చోటు పెట్రోలు తొట్టి లోపల నుండెను.

ఆ చోటెట్టిదో విద్యార్థులు తెలిసికొనవలెను. తొట్టి పైకప్పునుండి లోనికి దిగిన యొక తీగకాడ చివర నొక బెండు తేలుచుండును. మెకానిక్కులు దీనిని ఫ్లోటు అందురు. చెరువులో గాలము వేయు బాలురు బెండు నెఱుగుదురు. మేడమీది నీళ్లతొట్టిలో కుళాయిని మూయు బంతియు నిట్టిదే. పెట్రోలు తగ్గినకొలది బెండు దిగును, కాడ వంగును. కాడ రెండవ చివరనున్న చిన్న లోహపు నాలుక, సన్నని తీగ చుట్టిన యొక బిళ్లమీద జరుగును. నాలుక యున్న చోటునుబట్టి విద్యుత్తు తక్కువ తీగలోనో యెక్కువ తీగలోనో ప్రవహింపవలసి వచ్చును. అనగా నిరోధము మాఱును. ఆ మార్పునుబట్టి ముల్లు కదలును. పదవ తరగతి ప్రయోగశాలలో బల్లమీద నుండు రియోస్టాటునకును దీనికిని సూత్రమునందు భేదము లేదు. ఈ సూత్రమును 1827లో ప్రకటించిన జర్మను పండితుడు ఓము కూడ నొక బడిపంతులేయని మన యుపాధ్యాయులు జ్ఞప్తియందుంచుకొందురు గాక.

అన్ని బండ్లకును లెక్క యొకటి కాదు. కొన్నిటిలో తొట్టి ఖాళీగా నున్నప్పుడు 240 ఓములు, నిండినప్పుడు 33 ఓములు. మఱికొన్నిటిలో ఖాళీకి 10, నిండుకు 180. కావున దొరికిన ఫ్లోటును దొరికిన మీటరుతో జతపఱచిన యెడల క్రొత్త యబద్ధము పుట్టును.

రెండవమాఱు ఆ జీపును చూచిన ముసలి మెకానిక్కు దేనిని విప్పకముందే పరీక్షించెను. తొట్టి మూత గట్టిగా మూసి, ఆరుబయట, ఫ్లోటునకు వచ్చు తీగను ఊడదీసెను. ముల్లు ఒక కొసకు పోయెను. ఆ తీగను తొట్టికి దూరముగా బండి యినుమునకు క్షణకాలము తాకించెను. ముల్లు రెండవ కొసకు పోయెను. దీనివలన మీటరును, తీగయు బాగుగనే యున్నవనియు, దోషము ఫ్లోటునందో దాని యెర్తునందో కలదనియు తేలినది. ఇట్లు రెండు నిమిషములలో తేలిన సంగతికి ముందు క్రొత్త మీటరు వెల చెల్లించియుంటిమి!

ఆ జీపులో తొట్టి డ్రైవరు పీట క్రిందనే యుండెను. బ్యాటరీ తీగ విప్పి ఫ్లోటును పైకి తీయగా, ఎండిన పెట్రోలు జిగురును తుప్పును పట్టి కాడ సగములో బిగిసియుండెను. జిగురు కడిగి, బిళ్లమీది నలుపును మెత్తని గుడ్డతో తుడిచెను. గరుకు కాగితము వాడనీయలేదు. తీగ వెండ్రుకవలె సన్ననిదగుటచే తెగును. బెండును గోరువెచ్చని నీట ముంచి, బుడగలు రాకుండుట చూచి, చిల్లి లేదని నిశ్చయించెను. మరల క్రింద తుప్పును గీకి యెర్తు చక్కపఱచెను. ఓము మీటరు తగిలించి కాడను మెల్లగా నెత్తి దింపగా, అంకె గెంతక క్రమముగా మాఱెను. క్రొత్త వాషరు వేసి బిగించెను. నేడు బంకులలో పెట్రోలునందు నూటికి 20 వంతులదాక ఇథనాలు కలుపబడుచున్నది. అది తేమను పీల్చును. పాత రబ్బరునకు పడదు. కావున పాత బండ్లవారు వాషరు విషయమై యిప్పుడు మఱింత జాగ్రత్తపడవలెను.

ఇచట నొక హెచ్చరిక. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. నేలబారున ప్రాకి దూరమున నున్న నిప్పును గూడ అందుకొనును. తొట్టి విప్పిన చోట బీడి గాని, దీపము గాని, టంకము గాని పనికిరాదు. బాలురు పెద్దల యెదుటనే గాని యీ పనికి పూనుకొనరాదు.

"ఇంత శ్రమ యేల? ఒక పుల్ల చాలదా?" యని కొంద ఱందురు. నిజమే. 1908 మొదలు 1927 వఱకు తయారైన ఫోర్డు టీ మాదిరి కారులకు పెట్రోలు ముల్లే లేదు. వానిలో చాలవాటికి ముందు పీట నెత్తి పుల్ల ముంచి చూచుకొనెడివారు. పుల్ల అబద్ధమాడదు. మేమును గీతలు గీచిన పుల్ల నొకటి ఆ బండిలో నుంచితిమి. ఖాళీ తొట్టిలో 5 లీటర్ల చొప్పున పోయుచు, ప్రతిమాఱును పుల్లమీద గీత గీచి, ముల్లు నిలిచిన చోటును వ్రాసికొంటిమి. అయితే పుల్ల యడిగినవానికే చెప్పును. సగము చూపు ముల్లును చూచినవాడు పుల్ల నడుగనే యడుగడు. అందుచే పుల్ల ముల్లునకు సాక్షిగా నుండవలెను గాని, చెడిన ముల్లు నట్లే యుంచుటకు సాకుగా నుండరాదు.

సాగరు కాలువ నీటితో పైరు పెట్టు మన దర్శి సీమ రైతులకు ఈ సంగతి వేఱుగా చెప్పనక్కఱలేదు. కాలువలో లోతు తెలుపు గుర్తు తప్పినచో, పైవాని చేను పండును; చివరివాని చేను ఎండును. తప్పుడు కొలత వలని నష్టము కొలిచినవానికి గాక, ఎల్లప్పుడును చివర నున్నవానికే తగులును. ఆ రాత్రి మా బండిలో చివరనున్నది ఆ తల్లియే.

కావున మేము రెండు సంగతులు కోరుచున్నాము. నలుగురు వాడు ప్రతి బండిలోను ఒక చిన్న పుస్తక ముంచి, తెలిసిన దోషమును తెలిసిన నాడే అందు వ్రాయవలెను. రెండవది, పాత యినుప సామాను అంగడిలో నొక ఫ్లోటును కొని బాగుగ కడిగి మన ప్రయోగశాలలో నుంచవలెను. ఓము సూత్రమును నల్లబల్లమీద వల్లించిన బాలుడు, బెండు నెత్తి దింపి అంకె మాఱుట చూచినచో దానిని మఱువడు. రేపు క్రొత్త మీటరు కొనుమను వాని మాటకు మోసపోడు.

పదిమంది కన్యకల యుపమానము నెఱుగని బాలుడు మన బడిలో లేడు. నూనె తేని యయిదుగురిని బుద్ధిలేనివారందుము. తమ దివిటీలలో నెంత యున్నదో వారు చూచుకొనగలిగియు చూచుకొనరైరి. మేమో, చూచితిమి, చూచినదే మమ్ము మోసగించెను. ఆ ముల్లును దిద్దుటకు పట్టినది ఒక పూట. అది రెండేండ్లు దిద్దబడక నిలిచెను. ప్రియ విద్యార్థులారా, మీ యింట, మీ బడిలో, మీ పొలమున నిట్టి ముల్లు ఏదైన నున్నదేమో యీ సెలవులలో వెదకి చూడుడు. కనబడినచో పెద్దలతో చెప్పుడు.