సంచిపై వ్రాత, సంచిలోని వస్తువు

ఇంటివారు తినగా మిగిలిన అన్నమునో సంకటినో మజ్జిగతో కలిపి వాకిట కుక్కకు పెట్టుట మన దేశమున చిరకాలముగ వచ్చుచున్న ఆచారము. యజమాని తిన్నదే కుక్కయు తినుచుండెను గావున, దాని తిండి మంచిదో చెడ్డదో నిర్ణయించుటకు వేఱుగ పరీక్షకుల యవసరము లేకపోయెను. నేడు ఆ స్థితి మాఱినది. కర్మాగారములలో తయారై, రంగురంగుల సంచులలో అమ్ముడుపోవు శునకాహారము పట్టణములందే గాక పెద్ద గ్రామముల అంగళ్లలోను కనబడుచున్నది. 1860 ప్రాంతమున లండను నగరమున జేమ్సు స్ప్రాట్ అను అమెరికా దేశీయుడు కుక్కలకై ప్రత్యేకముగ బిస్కత్తులు చేసి అమ్మనారంభించినది మొదలు పెరిగిన యీ వ్యాపారము, నేడు తెలంగాణములో సిద్దిపేట జిల్లా ములుగు చెంత మార్సు కంపెనీవారి కర్మాగార రూపమున మన నేలపైననే నెలకొనియున్నది. కావున ఇది దొరల వినోదమునకు సంబంధించిన ముచ్చటయని త్రోసిపుచ్చ వీలులేదు. మొక్కజొన్న, నూకలు, తవుడు, సోయా మున్నగునవి ఇట్టి యాహారములకు ముడిసరుకులు. వానిని పండించువారును, సిద్ధమైన సరకును కొనువారును మన పాఠకులలోనే యున్నారు.

అట్టి సంచిలోని వస్తువు నాణ్యమును కొనువాడు ఎట్లు తెలిసికొనవలయును? అధికధర యొక గుఱుతని కొందఱును, విదేశపు ముద్ర యొక గుఱుతని కొందఱును తలచుచున్నారు. విద్యావంతులు సంచి వెనుక ముద్రించిన పట్టికను చదివి, మాంసకృత్తులు నూటికి ఇన్ని పాళ్లు, క్రొవ్వు ఇన్ని పాళ్లు, పీచు ఇంత, తేమ ఇంత అను అంకెలను చూచి తృప్తి చెందుచున్నారు. ఈ మూడు గుఱుతులలో ఏదియు నమ్మదగినది కాదని చెప్పుటకు మేము సందేహింపము. ధరయు ముద్రయు సరే, అంకెలు సహితము ఏల నమ్మదగినవి కావో విచారింతము.

మాంసకృత్తుల పరిమాణమును కొలుచుటకు నేటికిని వాడుకలోనున్న పద్ధతులలో ప్రసిద్ధమైనది డెన్మార్కు దేశపు రసాయనశాస్త్రజ్ఞుడు యోహాన్ కెల్డాల్ 1883వ సంవత్సరమున ప్రకటించినది. అది మాంసకృత్తును సూటిగా కొలువదు. పదార్థములోని నత్రజనిని కొలుచును. సామాన్యముగా మాంసకృత్తులలో నూటికి 16 పాళ్లు నత్రజని యుండును గనుక, కొలిచిన నత్రజనిని 6.25తో గుణించి ‘ముడి మాంసకృత్తు’ అని పేరుపెట్టుదురు. ఇందలి లోపము స్పష్టము. ఆ నత్రజని కోడిమాంసమునుండి వచ్చినదో, శనగనుండి వచ్చినదో, కోడియీకలనుండి వచ్చినదో, తోలుముక్కలనుండి వచ్చినదో లెక్క చెప్పజాలదు. ఈకలలోను తోలులోను మాంసకృత్తు పుష్కలముగ నున్నది. కాని దానిని ఉన్నదున్నట్లుగా జీర్ణించుకొనగల కడుపు కుక్కకు లేదు. అంకె ఒక్కటియే, ఫలము మాత్రము వేఱు.

ఈ లోపమెంత ఘోరమునకు దారితీయగలదో 2007వ సంవత్సరమున లోకమునకు వెల్లడియయ్యెను. ఆ మార్చి నెలలో కెనడా దేశపు మెన్యూ ఫుడ్స్ అను కంపెనీ సుమారు 6 కోట్ల డబ్బాలను, పొట్లములను అంగళ్లనుండి వెనుకకు పిలువవలసి వచ్చినది. ఉత్తర అమెరికాలో కుక్కలును పిల్లులును మూత్రపిండములు చెడి మరణించుచుండెను. వేలకొలది ఫిర్యాదులు ప్రభుత్వమునకు చేరినవి. విచారణలో తేలినదేమన, చైనానుండి గోధుమజిగురు పేరున దిగుమతియైన పదార్థములో మెలమైను కలిసియుండెను. మెలమైను ఆహారము కాదు. గట్టి ప్లాస్టిక్ పాత్రలు, బల్లలపై పలకలు చేయుటకు వాడు రసాయనము. ఇక గోధుమజిగురని పేరుపెట్టిన సరకు నిజమునకు వట్టి గోధుమపిండియేయని అమెరికా ఆహారౌషధ పాలనాశాఖవారు కనుగొనిరి.

పిండిలో ఈ రసాయనమును కలుపుట యెందులకు? కెల్డాల్ లెక్కను మోసగించుటకే. మెలమైనులో నూటికి 66 పాళ్లకు పైగా నత్రజని కలదు. దానిని 6.25తో గుణించినచో 416 వచ్చును. అనగా నూఱుపాళ్ల వస్తువులో నన్నూటపదునాఱు పాళ్ల మాంసకృత్తు కలదని పరీక్ష పలుకును! చిటికెడు కలిపిన చాలును, చౌకపిండి మేలైన జిగురుగా లెక్కకెక్కును. ఆ మెలమైను, దానితోపాటు వచ్చిన సయనూరిక్ ఆమ్లమును కలిసి మూత్రపిండములలో స్ఫటికములై జంతువుల ప్రాణములు తీసినవి. ఇందు గమనింపవలసిన రెండవ సంగతి యొకటి కలదు. వెనుకకు పిలువబడిన సరకులు నూటికి దగ్గఱగా వేఱువేఱు పేర్లతో, వేఱువేఱు ధరలతో అమ్ముడైనవి. చౌకది కొన్నవాడును, ప్రియమైనది కొన్నవాడును ఒకే కంపెనీ వండిన తిండిని కొనిరి. ధరయే నాణ్యమునకు సాక్షియను నమ్మకము ఆ నాడే కూలవలసినది.

ఇంతటితో కథ ముగియలేదు. మఱుసటి సంవత్సరము, 2008లో, అదే మెలమైను చైనా దేశమున పసిబిడ్డల పాలపొడిలో బయటపడెను. నీరు కలిపిన పాలలో మాంసకృత్తు తగ్గినట్లు పరీక్షలో తెలియకుండుటకై దానిని కలిపిరి. సుమారు మూడు లక్షలమంది శిశువులు జబ్బుపడిరి, ఆర్గురు మరణించిరి. కుక్క పళ్లెములో మొదట కనబడిన మోసమే బిడ్డ పాలగిన్నెలోను కనబడినది. పరీక్షలోని లోపము ఒక్కటే, దానిని వాడుకొన్న దురాశ ఒక్కటే. జంతువుల తిండిపై విచారణ యెందులకు, మనుష్యుల తిండికే దిక్కులేదే యని ఆక్షేపించువారికి మేము చెప్పు ప్రత్యుత్తరమిదియే. కల్తీదారునకు జాతిభేదము లేదు. కాపలా లేని వాకిలినే అతడు వెదకును.

ఇక సంచిపై ముద్రించు పదార్థముల జాబితాను చూతము. అమెరికా మున్నగు దేశములలో పదార్థములను బరువును బట్టి క్రమముగ వ్రాయవలయునను నియమము కలదు. అది మంచి నియమమే. కాని అందును మెళకువలున్నవి. పచ్చి కోడిమాంసములో నూటికి 70 పాళ్లు నీరే గనుక అది జాబితాలో మొదట నిలుచును. వండి ఆరబెట్టిన పిదప మిగులునది స్వల్పము. దాని వెనుక వ్రాయబడిన ఎండిన కోడిమాంసపు పొడియే అసలైన బలము కావచ్చును. మఱియొక ఉపాయము విభజనము: మొక్కజొన్న, మొక్కజొన్న జిగురు, మొక్కజొన్న తవుడు అని మూడు పేర్లుగా చీల్చి వ్రాసినచో ఒక్కొక్కటి క్రిందికి జాఱి, మాంసము పైకి వచ్చును. మూడింటిని కూడినచో అసలు సంగతి తేటపడును. సరకు పేరులోను ఇట్టి గారడి కలదు. అమెరికా రాష్ట్రములు అనుసరించు మాదిరి నియమముల ప్రకారము, గొడ్డుమాంసపు ఆహారమని సూటిగా పేరుపెట్టినచో నీరుగాక నూటికి 95 పాళ్లు ఆ మాంసముండవలయును. గొడ్డుమాంసపు భోజనమనినచో 25 పాళ్లు చాలును. గొడ్డుమాంసముతో చేసినదనినచో 3 పాళ్లు చాలును. గొడ్డుమాంసపు రుచి గలదనినచో రుచి తెలిసినంత మాత్రము చాలును. ‘తో’ అను ఒక్క విభక్తిప్రత్యయములో ఇరువదిరెండు పాళ్ల మాంసము మాయమగుచున్నది!

అయినను అన్నిటిని దూషించుట న్యాయము కాదు. ‘ఉపమాంసములు’ అను మాట చూచి పలువురు ముక్కు మూసికొందురు. కాలేయము, మూత్రపిండములు, ప్లీహము, ఊపిరితిత్తులు మున్నగునవి ఆ పేరున చేరును. వెండ్రుకలు, కొమ్ములు, గిట్టలు చేరగూడదని నియమము. మాంసాహారులైన మనవారు కార్జమును ప్రీతితో తినుట లేదా? పోషకమును బట్టి చూచినచో కార్జము వట్టి కండకంటె తక్కువది కాదు. దోషము ఉపమాంసములో లేదు. ఏ జంతువుదో, ఏ భాగమో చెప్పక దాచుటలో నున్నది. ‘కోడి కాలేయము’ అని వ్రాసినవాడు బాధ్యత వహించుచున్నాడు. ‘మాంసమును, జంతుజన్య పదార్థములును’ అని వ్రాసినవాడు తనకు అనుకూలమైన దానిని కలుపుకొను స్వేచ్ఛ నట్టిపెట్టుకొనుచున్నాడు.

తేమ విషయమునను కొనువాడు మోసపోవుట సులభము. పొడిసంచిపై మాంసకృత్తు నూటికి 22 పాళ్లు, తేమ 10 పాళ్లు అనియు, డబ్బాపై మాంసకృత్తు 8 పాళ్లు, తేమ 78 పాళ్లు అనియు వ్రాసియున్నచో మొదటిదే బలవత్తరమని తోచును. నీటిని తీసివేసి లెక్కించినచో పొడిసంచిలో 24.4 పాళ్లు, డబ్బాలో 36.4 పాళ్లు తేలును. లెక్క కష్టమైనది కాదు. కాని సరకును అమ్మువాడు చేయవలసిన యీ లెక్కను కొనువాని నెత్తిన వేయుట సరికాదు.

మన రైతులకు సంబంధించిన విషయము మఱియొకటి కలదు. మొక్కజొన్న, వేరుశనగ మున్నగు పంటలు తడిసినను, సరిగా ఆరకున్నను, వానిపై ఒకవిధమగు బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అను విషమును పుట్టించును. 1960లో ఇంగ్లండున వేరుశనగపిండి తిని లక్షకు పైగా టర్కీకోళ్లు చచ్చినప్పుడే ఈ విషము లోకమునకు తెలిసినది. 2005 చివర అమెరికాలో బూజు మొక్కజొన్న కలిసిన ఆహారము తిని నూఱుకు పైగా కుక్కలు కాలేయము చెడి చచ్చినవి. 2020 చివర మఱియొక కంపెనీ సరకుతో అదియే పునరావృతమయ్యెను. అచ్చటి ప్రభుత్వము శునకాహారములో ఈ విషము నూఱుకోట్ల పాళ్లకు 20 పాళ్లు మించగూడదని హద్దు పెట్టినది. వండినంత మాత్రమున ఇది తొలగిపోవునది కాదు. కావున నాణ్యము కర్మాగారమునకు ముందే, కల్లమునందును గిడ్డంగియందును నిర్ణయమగుచున్నది. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు వేరుశనగలో ఈ విషమును గూర్చి చిరకాలముగ పరిశోధనలు చేయుచున్నారు. ఆ జ్ఞానము గిడ్డంగి వఱకు రాకున్నచో కుక్కకే గాక మనకును, మన పాడిపశువులకును ముప్పే.

ధాన్యమును పూర్తిగా విడిచిన ఆహారమే శ్రేష్ఠమను వేలంవెఱ్ఱి యొకటి ఇటీవల ప్రబలినది. ధాన్యమునకు బదులు బఠాణీలు, పప్పులు విస్తారముగ చేర్చిన అట్టి యాహారములకును, కుక్కలలో గుండె ఉబ్బి బలహీనపడు వ్యాధికిని సంబంధము గలదేమోయని అమెరికా శాఖవారు 2018 జూలైలో విచారణ ప్రకటించిరి. కారణము ఇదమిత్థమని తేలలేదు. 2022 డిసెంబరులో, నూతన శాస్త్రవిషయములు లభించువఱకు ఇక ప్రకటనలు చేయబోమనిరి. ప్రియమైనదియు నూతనమైనదియు నిరపాయమని తలపరాదనుటకు ఈ యొక్క నిదర్శనము చాలును.

మన దేశమున స్థితి యేమి? 2006వ సంవత్సరపు ఆహారభద్రతా ప్రమాణముల చట్టము ఆహారమనగా మనుష్యులు తినుటకు ఉద్దేశించినదని నిర్వచించి, పశువుల మేతను తన పరిధినుండి తొలగించినది. పొట్లములపై తూకము, ధర, తయారైన నెల, తయారుచేసినవారి పేరు ఉండవలయునని 2011 నాటి తూనికల నియమములు చెప్పుచున్నవి. లోపలి వస్తువు గుణముతో వానికి ప్రసక్తి లేదు. జంతుజన్యమగు శునకాహారమును విదేశములనుండి తెచ్చువారు కేంద్రపశుసంవర్ధకశాఖ అనుమతి పొందవలయును. అది రోగములు ప్రవేశింపకుండుటకే. భారతీయ ప్రమాణముల సంస్థవారు కుక్కల, పిల్లుల ఆహారమునకు 11968 అను సంఖ్యతో ఒక ప్రమాణమును రచించిరి. దానిని ఐచ్ఛికముగ విడుచుట తలుపు చేసి గడియ పెట్టకుండుటవంటిది.

కావున ప్రభుత్వమును మేము కోరునది స్వల్పము. ఆ ప్రమాణము నిర్బంధము కావలయును. ప్రతి ఉత్పత్తిలోను మెలమైను, అఫ్లాటాక్సిన్ పరీక్షలు జరిపి, సంచిపై ముద్రించిన సంఖ్యనుబట్టి ఫలితమును ఎవరైనను తెలిసికొనునట్లు ప్రకటింపవలయును. ముడి మాంసకృత్తు అంకెతో పాటు అందులో జీర్ణమగునది యెంతయో, ఏ జంతువు మాంసమో, తేమ తీసిన లెక్క యేమో తెలుగున సహితము ముద్రింపవలయును. స్వదేశమున తయారైనదను మాట గౌరవపదము కావలెనన్నచో దాని వెనుక పరీక్ష నిలువవలయును. పరీక్షలేని స్వదేశీయత వట్టి రంగు.

చట్టము వచ్చునంతవఱకు కొనువారు చేయదగినది కొంత కలదు. జంతువు పేరును, భాగమును చెప్పని సరకును విడువుడు. ఒకే ధాన్యము మూడు పేర్లతో కనబడినచో కూడి లెక్కింపుడు. బూజువాసన తగిలిన సంచిని తిప్పి పంపుడు. సంపూర్ణాహారమని చెప్పుకొను కంపెనీని, ఆ మాటను ఎవరు ఎట్లు పరీక్షించిరని వ్రాసి అడుగుడు. ప్రత్యుత్తరమీయని కంపెనీ ఉత్తరమిచ్చినట్లే. ఇంట వండి పెట్టువారును అన్నము మజ్జిగలతోనే కుక్కకు కావలసినదంతయు అందునని నమ్మక, పశువైద్యుని సలహా పొందవలయును. ఉల్లి కలిసిన కూర దానికి పెట్టరాదు.

కుక్క నోరులేని జీవము. తనకు పెట్టిన తిండిని గూర్చి అది న్యాయస్థానమున ఫిర్యాదు చేయదు, పత్రికకు లేఖ వ్రాయదు. పెట్టిన చేతిని నమ్మి తినును. 2007లో ఆ నమ్మకమునకు కలిగిన ద్రోహమును లోకము వెంటనే సరిగా గ్రహించియుండినచో, 2008లో ఆ పసిబిడ్డలలో కొందఱైనను బ్రదికియుందురేమో. మన దేశము అట్టి పాఠమును స్వానుభవమున నేర్చుకొనునంతవఱకు వేచియుండరాదు.