మెయిలుకూ కేరాఫ్ అడ్రసేనా?

పెద్దారవీడు: ఒకప్పుడు పల్లెకు వచ్చే ఉత్తరాలు చాలావరకు కిరాణా కొట్టు కేరాఫ్‌తో వచ్చేవి. కొట్టు యజమాని గుర్తుపెట్టుకుంటే ఇల్లు చేరేవి. మరిచిపోతే పొట్లాల కాగితాల్లో కలిసిపోయేవి. మండలంలో చదువుకున్న పిల్లల ఈ మెయిలు నేడు ఇంచుమించు అదే స్థితిలో ఉంది. ఐడీ ఉందా అంటే ఉందంటారు. పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందంటే మార్కాపురంలోని నెట్ సెంటర్ పేరు చెబుతారు.

సెంటర్ల వారిని తప్పుపట్టి ప్రయోజనం లేదు. దరఖాస్తు గడువు చివరి రోజున బారులు తీరిన జనం, ఎప్పుడు పోతుందో తెలియని కరెంటు. ఆ తొందరలో ఏదో ఒక నంబరుతో ఐడీ తెరిచి పని కానిచ్చేస్తున్నారు. కానీ రైల్వే నియామక బోర్డు వంటివి సొంత మెయిలు, సొంత నంబరు ఇవ్వాలని, నియామకం ముగిసేవరకు వాటిని వాడుకలో ఉంచుకోవాలని స్పష్టంగా చెబుతున్నాయి. ఉద్యోగం కబురు వచ్చినా, తెరిచి చూసే దారి లేకపోతే రానట్టే.

మెయిలు ఫోనులో ఉంటుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఉండేది కంపెనీ వారి సర్వరులో. ఫోను, సెంటర్ కంప్యూటరు, హైదరాబాదులోని అన్న ల్యాప్‌టాపు అన్నీ దానికి కిటికీలు మాత్రమే. ఒకచోట చెరిపితే అన్నిచోట్లా పోతుంది. జీమెయిలులో అయితే 30 రోజులు చెత్తబుట్టలో ఉంటుంది, ఆలోగా తిరిగి తీసుకోవచ్చు. ఈ తరహా పద్ధతికి ఐమ్యాప్ అని పేరు. 1986లో అమెరికాలో మార్క్ క్రిస్పిన్ రూపొందించారు. పాప్ అనే మరో పద్ధతిలో మెయిలు ఒక యంత్రంలోకి దిగి, సర్వరులో మిగలకుండా పోవచ్చు. ఒకే కంప్యూటరు ఉన్న ఆఫీసుకు అది సరిపోతుందేమో గాని, ఒక ఫోను ఇంటిల్లిపాదీ వాడే పల్లెకు పనికిరాదు.

అసలు చిక్కు ఆ ఫోనుతోనే. తండ్రి దాన్ని జేబులో వేసుకుని మిరప కోతలకు గుంటూరు వైపు వలస పోతాడు. కూతురు సెంటర్‌కు వెళ్లి మెయిలు తెరవబోతే కోడ్ తండ్రి ఫోనుకు వెళుతుంది. ఆయన చేలో ఉంటాడు. చూసుకుని చెప్పేలోగా కోడ్ గడువు దాటుతుంది. రీచార్జి చేయక నంబరే రద్దయితే ఆ దారీ మూతపడుతుంది.

దీనికి ఉపాయం లేకపోలేదు. రెండంచెల తనిఖీ పెట్టుకున్నవారికి గూగుల్ ముందుగానే 10 కోడ్‌లు ఇస్తుంది. ఒక్కోటి ఒక్కసారే చెల్లుతుంది. కాగితం మీద రాసి రేషన్ కార్డుతో పాటు ట్రంకుపెట్టెలో పెట్టుకోవచ్చు. మెయిలు చదవడానికి సొంత ఫోను, లేదా ఇంట్లో ఉండే ఫోను వాడుకుని, సెంటర్‌ను ప్రింటుకు మాత్రమే ఉంచుకోవడం మేలు. రెండేళ్లపాటు వాడని ఖాతాలను గూగుల్ తొలగించవచ్చు కనుక అప్పుడప్పుడు తెరిచి చూడటం అవసరం.

ఇంటర్ కళాశాలల అధ్యాపకులు, సచివాలయాల్లోని డిజిటల్ అసిస్టెంట్లు దరఖాస్తుల కాలానికి ముందే పిల్లలను కూర్చోబెట్టి ఒక అరగంట ఈ పని చేయిస్తే బాగుంటుంది. ఇప్పటికే సెంటర్లో తెరిపించుకున్నవారు గూగుల్ ఖాతా భద్రత పేజీలో పరికరాల జాబితా చూడాలి. ఆ మెయిలు ఏయే ఫోన్లలో, కంప్యూటర్లలో తెరిచి ఉందో అందులో కనిపిస్తుంది. తమది కానిది ఉంటే ఇంటి నుంచే మూసివేసి, పాస్‌వర్డ్ మార్చుకోవచ్చు.