అరటి మొక్కకు కాగితమేదీ?

నీటి వసతి ఉన్న మిరప రైతు ఒక ఎకరం అరటి వేద్దామనుకుంటే నేడు ముందుగా వినబడే పేరు టిష్యూకల్చర్. అందులోనూ గ్రాండ్ నైన్ రకం. ఏడాదిలో గెల కోయవచ్చునని చెబుతారు. అది అబద్ధమేమీ కాదు. కాని ఆ మాట చెప్పే వ్యాపారి మరొక మాట చెప్పడం లేదు.

కొల్లిపర, కొల్లూరు లంకల్లో తాతల నాటి నుంచి పిలక తవ్వి నాటడమే వాడుక. పిలకతోపాటు తల్లి చెట్టు రోగమూ, దుంపలోని పురుగూ కొత్త తోటకు వచ్చేవి. టిష్యూకల్చర్‌లో ఆరోగ్యమైన పిలక మొవ్వును తీసి శుభ్రపరచి, లవణాలు, పంచదార, పెరుగుదల హార్మోన్లు కలిపిన జున్నులాంటి పదార్థంలో గాజుసీసాల్లో పెంచుతారు. పుట్టిన మొలకలను విడదీసి మళ్ళీ సీసాల్లో పెడతారు. అలా ఒక్క పిలక నుంచి వందల మొక్కలు తీసి, నీడలో ఉంచి క్రమంగా ఎండకు అలవాటు చేస్తారు. అన్నీ ఒకే ఈడువి గనుక గెలలు దాదాపు ఒకేసారి కోతకొస్తాయి, లారీ లోడు కుదురుతుంది.

అయితే సీసాలో పెరిగింది గదా, రోగముండదనుకోవడం పొరపాటు. తల్లి చెట్టులో వెర్రితల తెగులు వైరస్ ఉంటే, పరీక్ష చేయకుండా తీసిన పిల్ల మొక్కలకూ అది రావచ్చు. సంచిలో మొక్క పచ్చగానే కనిపిస్తుంది. తర్వాత ఆకులు సన్నగిల్లి, నిటారుగా కుచ్చులా గుమిగూడతాయి. ఇక సరైన గెల రాదు. ఆ చెట్టు నుంచి పేనుబంక పక్క చెట్లకూ అంటిస్తుంది. మొవ్వును మితిమీరి విడదీస్తూ పోతే రకం తప్పిన మొక్కలూ పుడతాయి.

దీనికి అడ్డుకట్టగా కేంద్ర బయోటెక్నాలజీ శాఖ ఆధ్వర్యంలో 2006లోనే టిష్యూకల్చర్ మొక్కల ధ్రువీకరణ విధానం వచ్చింది. గుర్తింపు పొందిన ప్రయోగశాల మొక్కలను బ్యాచ్‌లవారీగా వైరస్ పరీక్షకు పంపి ధ్రువపత్రం పొందాలి. ప్రయోగశాల నుంచి నర్సరీకి, అక్కడినుంచి ఏజెంటుకు చేతులు మారేసరికి ఆ కాగితం ఎక్కడ ఆగిపోతున్నది? కల్తీ మిరప విత్తనం ఎంత చేటో మన పల్లెలకు ఒకరు చెప్పనక్కరలేదు. బిల్లు చేతిలో లేని రైతు ఏ ఆఫీసు మెట్లెక్కినా జవాబు ఒకటే.

ఆరడుగుల ఎడం పెడితే ఎకరాకు 1,200 మొక్కలు పడతాయి. పిలక చేలోనే దొరుకుతుంది, ఇవన్నీ కొనవలసినవే. కనుక మొక్కలు దింపే రోజునే బ్యాచ్ నంబరు, ప్రయోగశాల పేరు, రకం రాసిన బిల్లు, ధ్రువపత్రం నకలు రైతు అడిగి తీసుకోవాలి. ఇవ్వనంటే లారీని వెనక్కు పంపడమే మేలు. ఉద్యానశాఖ అధికారులు కూడా తోట పోయాక పంచనామాకు రావడం కాక, నాట్లకు ముందే నర్సరీలకు వెళ్ళి, ఏ ప్రయోగశాల మొక్క ఎవరి దగ్గరున్నదో జాబితా కట్టి రైతు సేవా కేంద్రాల దగ్గర అతికించాలి. అందుకు కొత్త చట్టమేదీ అక్కరలేదు.