బేస్‌మెంట్‌లో పక్క వేసేముందు...

కూతురి పురిటికో, మనవడి పుట్టినరోజుకో అమెరికా వెళ్లిన అమ్మానాన్నలకి చాలా ఇళ్లలో దక్కేది బేస్‌మెంట్ గది. మెత్తటి కార్పెట్, కొత్త మంచం, పక్కనే బాత్రూమ్. ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటుంది. 'పైన పిల్లల గోల, కిందైతే మీకు ప్రశాంతంగా ఉంటుంది' అంటూ సూట్‌కేసులు దించేస్తారు. ఇక ఎమ్మెస్‌కి వెళ్లిన కుర్రాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. అద్దె తక్కువని నలుగురైదుగురు కలిసి ఓ బేస్‌మెంట్‌లో సర్దుకుంటారు. వీడియోకాల్‌లో గది చూపిస్తారు, వంటిల్లు చూపిస్తారు, రైస్ కుక్కర్ కూడా చూపిస్తారు. కిటికీ మాత్రం ఎవరూ చూపించరు. మనమూ అడగం.

అడగాలి. ఎందుకంటారా?

మనకి సెల్లార్ అంటే కార్లు పెట్టుకునే చోటు. మహా అయితే ఓ మూల వాచ్‌మన్ గది (దానికి కిటికీ ఉందో లేదో మనలో ఎంతమందిమి చూశాం?). అమెరికాలో చలి ఎక్కువుండే రాష్ట్రాల్లో శీతాకాలం నేల గడ్డకట్టుకుపోతుంది. అందుకే పునాదులు బాగా లోతుకి తీస్తారు. ఎలాగూ తవ్వాం కదా అని దాన్నే ఓ అంతస్తుగా వాడుకుంటారు. ఇంటిని వేడిచేసే ఫర్నేసు, గీజరు, బట్టలారబెట్టే డ్రయ్యరు చాలా ఇళ్లలో అక్కడే ఉంటాయి. అంటే నిప్పు పుట్టించే సామానంతా పడుకునే గది పక్కనే! పైకి రావడానికి సాధారణంగా ఒకే మెట్లదారి. కింద మంటలు లేస్తే పొగ కూడా వెతుక్కునేది ఆ దారినే. మెట్లు కాస్తా పొగగొట్టంలా మారిపోయాక మనిషికి మిగిలేది కిటికీ ఒక్కటే.

అందుకే అక్కడ చాలా రాష్ట్రాలు చిన్నచిన్న మార్పులతో పాటించే ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్, పడుకునే గదికి నేరుగా బయటికి తెరుచుకునే కిటికీ గానీ తలుపు గానీ ఉండాలంటుంది. ఆ కిటికీనే 'ఎగ్రెస్ విండో' అంటారు. అది గాలీ వెలుతురూ కోసం కాదు, మనిషి దూరి బయటపడటానికి. వీపున సిలిండర్ మోసుకొచ్చే ఫైర్‌మన్ లోపలికి దూకడానికి కూడా.

కొలతలు ఇవీ. తెరిచాక దొరికే ఖాళీ కనీసం 20 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల ఎత్తు ఉండాలి. మొత్తం ఖాళీ 5.7 చదరపు అడుగులకి తగ్గకూడదు. బయటి నేలమట్టానికి దగ్గరగా ఉండే కిటికీకైతే 5 సరిపోతుంది. చాలామంది బోల్తాపడేది ఇక్కడే. 20ని 24తో గుణించి చూడండి, మూడున్నర చదరపు అడుగులు కూడా రాదు! వెడల్పు 20 అంగుళాలే పెట్టి 5.7 అడుగులు రావాలంటే ఎత్తు 41 దాటాలి. పైగా లెక్కలోకి వచ్చేది అద్దం సైజు కాదు, తెరిచాక మిగిలే సందు. పక్కకి జరిపే కిటికీ సగమే తెరుచుకుంటుంది కదా! తలుపులా బార్లా తెరుచుకునే కేస్‌మెంట్ రకమైతే తక్కువ చోటులో అమరిపోతుంది.

గది నేలకింద ఉంది కాబట్టి కిటికీ బయట మట్టే ఉంటుంది. అక్కడ ఓ గొయ్యి తీసి, చుట్టూ రేకో ప్లాస్టిక్కో గోడలా నిలబెడతారు. కనీసం మూడడుగుల వెడల్పు, గోడ నుంచి మూడడుగులు ముందుకి. లోతు 44 అంగుళాలు దాటితే నిచ్చెన బిగించి తీరాలి.

పాత ఇంటికి ఇదంతా కొత్తగా పెట్టించడం సెలవురోజు సరదా పని కాదు. ముందు ఊరి అధికారుల పర్మిట్ కావాలి. తవ్వేముందు 811కి ఫోన్ చేస్తే నేలలో గ్యాస్ పైపులు, కరెంటు తీగలు ఎక్కడున్నాయో గుర్తులు పెట్టిస్తారు. తర్వాత కాంక్రీటు గోడని రంపంతో కోయాలి. కోసిన చోట పై అంతస్తు బరువు మోయడానికి లింటెల్ వేయాలి. గొయ్యి అడుగున కంకర పోసి, నీళ్లు పునాది డ్రెయిన్‌లోకి పోయే దారి చూడాలి. ఈ ఆఖరి పని ఎగ్గొడితే తర్వాతి వానకి అద్దం వెనకాల చెరువే. ఖర్చు వేల డాలర్లలోనే ఉంటుంది. ఆ లెక్క చూసే చాలామంది 'తర్వాత చూద్దాం' అనేస్తారు.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. 2021 సెప్టెంబరు 1 రాత్రి ఇడా తుపాను వాన న్యూయార్క్‌ని ముంచెత్తింది. సెంట్రల్ పార్కులో ఒక్క గంటలోనే మూడంగుళాలు దాటి కురిసింది. నగరంలో చనిపోయిన 13 మందిలో 11 మంది బేస్‌మెంట్ ఇళ్లలో ఉన్నవాళ్లే. బయట నీళ్లు నిలిచాక ఆ ఒత్తిడికి తలుపు తెరుచుకోదు. కిటికీ గొయ్యి అంతకంటే ముందే నిండుతుంది. కాబట్టి మంటలప్పుడు ఆదుకునే కిటికీని వరదప్పుడు నమ్ముకోకూడదు. హెచ్చరిక రాగానే పైకి వచ్చేయడమే.

ఇక అసలు విషయం, మన పెద్దవాళ్లది. కోడ్ ప్రకారం కిటికీ అడుగు అంచు గది నేల నుంచి 44 అంగుళాల దాకా ఉండొచ్చు. ఐదడుగుల అమ్మకి అది గుండెల దాకా వస్తుంది. మోకాళ్ల నొప్పులున్న మనిషి అర్ధరాత్రి చీకట్లో అంత ఎత్తు ఎలా ఎక్కుతుంది? కిటికీ కింద కదలని బెంచీ ఒకటి వేయాలి. పగటిపూట ఓసారి ఎక్కించి చూడాలి. ఎక్కలేకపోతే, ఎంత రూల్ ప్రకారం కట్టినా ఆవిడ వరకు అది కిటికీ కాదు. పైన హాల్లో పక్క వేసినా నయమే. పొగ అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారం కింద పనిచేస్తున్నాయో లేదో అప్పుడే మీట నొక్కి చూసుకోవాలి. గొయ్యి మీద మూత ఉంటే లోపలి నుంచి నెడితే లేవాలి. మంచు పడ్డప్పుడు వాకిలితో పాటు దాన్నీ ఊడ్చాలి.

అద్దెకి దిగే పిల్లలకైతే అడ్వాన్సు కట్టకముందే కిటికీ తెరిచి చూడమనండి. పెయింటు అంటుకుని బిగుసుకుపోయిందా, గ్రిల్ ఉందా, ఆ గ్రిల్‌కి తాళం ఉందా? తాళంచెవి, పనిముట్లు లేకుండా లోపలి నుంచి తెరుచుకోవాలనేది కోడ్‌లో ఉన్న మాటే. తాళంచెవి ఓనరు దగ్గరుందంటే ఇంకో ఇల్లు చూసుకోమనండి.